ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం నవల వదలడం: వెట్టి కాలపు పుస్తకానికి పూర్తి మార్గదర్శి

చదివిన నవలను నలుగురూ వచ్చే చోట వదిలిపెడితే, దొరికినవాళ్ళు చదివి ఇంకొకరికి ఇస్తారు. ఈ పని గురించి చెప్తే, "బెంచీ మీద పుస్తకం పెట్టి వచ్చేస్తే చాలదా?" అని చాలామంది అడుగుతున్నారు. చాలదు. పుస్తకం దొరికిన మనిషి పక్కన మనం ఉండం. ఇది ఎవరిది, మరిచిపోయారా, తీసుకెళ్తే తప్పా, లోపల ఏముంది అని ఆ మనిషికి వచ్చే ప్రతి ప్రశ్నకూ పుస్తకమే జవాబు చెప్పుకోవాలి.

నేను వదిలేవి ఎక్కువగా నిజాం పాలనలోని తెలంగాణ మీద వచ్చిన చారిత్రక నవలలు. వెట్టిచాకిరీ (కూలి లేని నిర్బంధ పని), గడీల్లో ఉండే దొరల దౌర్జన్యం, నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళం రజాకార్ల దాడులు వాటి కథా వస్తువు. వంటల పుస్తకమో డిటెక్టివ్ నవలో అయితే ఇంత తయారీ అక్కర్లేదు. ఈ నవలలు మాత్రం ఎవరి చేతిలో పడతాయో చెప్పలేం. వెట్టి చేసిన తల్లి మనవరాలు కావచ్చు, దొర మనవడు కావచ్చు, ఆ మాటే ఎప్పుడూ వినని ఐటీ ఉద్యోగి కావచ్చు. ముగ్గురూ మొదటి పేజీ దాటి లోపలికి వెళ్ళేలా చేయడమే మన పని. ఆ పనంతా ఇంట్లో బల్ల ముందే జరుగుతుంది. వదలడానికి పట్టేది ఐదు నిమిషాలు.

మొదటిసారి చేసేవాళ్ళు మూడు నాలుగు సాయంత్రాలు కేటాయించుకోండి. ఒక్క పుస్తకంతోనే మొదలుపెట్టండి.

1. ఏ ప్రతిని వదలాలి

ముందు మీరు ఆ నవల పూర్తిగా చదివి ఉండాలి. సగం చదివినది, ఎవరో మంచిదన్నారని కొన్నది వద్దు. లోపల ఏముందో తెలియకుండా చీటీ రాయలేరు, హెచ్చరికా రాయలేరు.

250 పేజీల లోపు నవల అయితే మంచిది. లావుపాటి పుస్తకాన్ని కుతూహలంగా తిరగేస్తారు కానీ మోసుకెళ్ళడానికి వెనకాడతారు. రెండు భాగాల నవల అయితే రెండూ దారంతో కట్టి కలిపే వదలండి. మొదటి భాగం దొరికినవాళ్ళకు రెండో భాగం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

పాత ప్రతులు కావాలంటే హైదరాబాద్‌లో కోఠీ పాత పుస్తకాల దుకాణాలు, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్, విజయవాడలో లెనిన్ సెంటర్ చూడండి. కొత్తవి విశాలాంధ్ర, నవచేతన, నవోదయ లాంటి దుకాణాల్లో అడగండి. నా అలవాటు ఏమిటంటే, నా దగ్గరున్న ప్రతిని ఉంచుకుని, వదలడానికి ఇంకో ప్రతి కొంటాను. ఎంతో ఇష్టమైన ప్రతిని వదిలితే అది ఏమైందో అన్న టెన్షన్ మిమ్మల్ని వదలదు.

వదలకూడనివి:

- లైబ్రరీ ముద్ర ఉన్న పుస్తకం. ఫుట్‌పాత్ మీద కొన్నదైనా సరే, ముద్ర ఉంటే ముందు ఆ లైబ్రరీకి చూపించండి.
- ఎవరైనా పేరు రాసి మీకు బహుమతిగా ఇచ్చిన ప్రతి.
- జెరాక్స్ తీసి బైండ్ చేయించినది, పీడీఎఫ్ ప్రింటు. మీరు కొన్న ప్రతిని ఇంకొకరికి ఇచ్చే హక్కు మీకుంది, నకలు తీసి పంచే హక్కు లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ళ దాకా ఆ హక్కు వారసులకు ఉంటుంది.
- పేజీలు చిరిగిపోయినది, ముఖ్యంగా చివరి పేజీలు లేనిది.

2. ప్రతిని సిద్ధం చేయడం

మొదట పేజీలు లెక్కపెట్టండి. తెలుగు పుస్తకాల్లో ఒక ఫారం (కలిపి అచ్చేసి మడిచిన పేజీల కట్ట) రెండుసార్లు కుట్టేసి ఇంకోటి వదిలేయడం అప్పుడప్పుడూ జరుగుతుంది. నేను కొన్న ఒక ప్రతిలో 16 పేజీలు లేవు. సరిగ్గా గడిలో పంచాయితీ జరిగే అధ్యాయం అది. లెక్కపెట్టకుండా వదిలి ఉంటే ఎవరో ఒకరు అక్కడే ఆగిపోయేవారు.

తర్వాత పుస్తకాన్ని నీడలో, గాలి తగిలే చోట రెండు రోజులు నిలబెట్టి ఆరబెట్టండి. ఎండలో పెడితే అట్ట వంకర పోతుంది. పాత ప్రతి అయితే వెన్ను దగ్గర చెద మట్టి, లోపల సిల్వర్ ఫిష్ పురుగులు ఉన్నాయేమో చూసి, మెత్తటి బ్రష్‌తో దులపండి. తడి పూర్తిగా పోకముందే ప్లాస్టిక్ కవర్లో పెడితే వారంలో బూజు పడుతుంది. వేపాకు పెట్టే అలవాటున్నవాళ్ళు బాగా ఎండిన ఆకే పెట్టండి.

వెన్ను ఊడుతుంటే ఫెవికాల్ పలుచగా రాసి, పైన బరువు పెట్టి ఒక రాత్రి ఉంచండి. సెల్లో టేప్ వాడొద్దు. ఏడాది తిరిగేసరికి పచ్చబడి కాగితాన్ని కూడా లాక్కుని ఊడుతుంది.

మీ పేరు, ఫోన్ నంబరు, కొన్న చోట రాసుకున్న సంతకం ఉంటే వాటి మీద తెల్ల కాగితం అంటించండి. లోపల బిల్లులు, బస్ టికెట్లు, ఫొటోలు మిగిలిపోయాయేమో పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని దులిపి చూడండి.

చివరి ఖాళీ పేజీలు ఎన్ని ఉన్నాయో చూడండి. కనీసం రెండు కావాలి, చదివినవాళ్ళు రాయడానికి. లేకపోతే నాలుగు రూళ్ళ కాగితాలు వెనక అట్టకు లోపలి వైపు అంటించండి.

3. పై లేబుల్

పుస్తకం చూసిన మొదటి మూడు సెకన్లలో ఒక్క సంగతి తెలియాలి: ఇది ఎవరో పోగొట్టుకున్నది కాదు, పారేసినదీ కాదు. మనవాళ్ళలో చాలామంది పరాయి వస్తువు ముట్టుకోరు. ఆ మంచితనమే ఇక్కడ అడ్డు. ముట్టుకునే ఇంకొందరు చిత్తు కాగితమనుకుని తూకానికి వేస్తారు. ఈ రెంటికీ మందు ఒకటే, ముందు అట్ట మీద పెద్ద అక్షరాల లేబుల్.

నేను వాడే మాటలు ఇవి:

"నన్ను తీసుకెళ్ళండి. నేను పోయిన పుస్తకాన్ని కాదు. మీ కోసమే ఇక్కడ ఉన్నాను. డబ్బు ఏమీ లేదు. చదివాక ఇంకొకరికి ఇవ్వండి."

అంతే. ఇంతకంటే ఎక్కువ రాస్తే చదవరు. తెలుగు చదవడం రాని మనిషికి దొరికే అవకాశం ఉన్న ఊళ్ళలో, ముఖ్యంగా హైదరాబాద్‌లో, ఇదే మాట కింద ఇంగ్లీషులో, ఉర్దూలో ఒక్కో వరుస చేర్చండి. వాళ్ళు చదవకపోయినా చదివేవాళ్ళకు అందిస్తారు.

బాల్‌పెన్నుతో రాయండి. జెల్ పెన్ను చెమట చేయి తగిలితే చెదిరిపోతుంది. లేబుల్ నవల పేరును, రచయిత పేరును కప్పకూడదు.

4. లోపలి ఉత్తరం

ఇక్కడ తొందరపడకండి. ఎంత మంచి నవల అయినా పుస్తకం తెరిచీ తెరవగానే అర్థం కాని మాటలు, తెలియని కాలం ఎదురైతే మూసేస్తారు. నా మొదటి ప్రతి ఒకటి ఏడాది తర్వాత తిరిగొచ్చింది. చివరి పేజీలో మూడు రంగుల సిరాలో నాలుగు వరుసలు ఉన్నాయి. అందులో ఒకటి ప్రశ్న: "నాగు అంటే పామా?" కాదు, నాగు అంటే ధాన్యం అప్పు. ఆ చదువరి కథంతా పాము అనుకునే చదివారంటే తప్పు నాదే. అప్పటినుంచి ప్రతి పుస్తకంలోనూ మూడు కాగితాలు పెడుతున్నాను.

మొదటిది ఉత్తరం. ఏడెనిమిది వరుసలు మించొద్దు. "మీరు" అనే పిలవండి. పొగడ్తలు వద్దు. "తప్పక చదవాల్సిన గొప్ప నవల" అని రాస్తే పరీక్ష పుస్తకంలా కనిపిస్తుంది. కథ మొత్తం చెప్పేయకండి. మీకు ఎక్కడ గుండె పట్టేసిందో ఒక్క చోటు చెప్పండి. నేను రాసేది దాదాపు ఇలా ఉంటుంది:

"నమస్తే. ఈ నవల నేను రెండుసార్లు చదివాను. 1940లలో తెలంగాణ పల్లెలో కూలి లేకుండా పని చేయించుకునే వెట్టి ఎలా ఉండేదో ఇందులో ఉంది. మొదటి 20 పేజీలు కొత్త మాటల వల్ల కాస్త నెమ్మదిగా సాగుతాయి. లోపల దారానికి కట్టి అర్థాల చీటీ ఉంది. కొట్టడం, ఆడవాళ్ళ మీద అఘాయిత్యం ఉన్న సన్నివేశాలు రెండు మూడు చోట్ల వస్తాయి. అవి చదవలేకపోతే ఆ పేజీలు దాటేయండి, కథ తెగదు. చదివాక చివరి పేజీలో మీ ఊరు, తేదీ, ఒక్క మాట రాయండి. పేరు అక్కర్లేదు."

హింస గురించిన ఆ హెచ్చరిక తప్పనిసరి. ఎవరి చేతికి వెళ్తుందో మనకు తెలియదు. ఇలాంటిది సొంత బతుకులో అనుభవించిన మనిషి కూడా కావచ్చు. ఏ పేజీలో ఉందో నంబరు వేస్తే ఇంకా మంచిది.

5. కాలం చీటీ

రెండో కాగితం తేదీలది. పోస్టుకార్డు సైజు చాలు. కోస్తా జిల్లాల చదువరులకు, కొత్త తరానికి ఇది బాగా ఉపయోగం. 1947 ఆగస్టు 15తో అంతటా ఒకేసారి స్వాతంత్ర్యం వచ్చిందని అనుకుంటే ఈ నవలల్లోని చివరి అధ్యాయాలు అర్థం కావు. హైదరాబాద్ సంస్థానం మరో 13 నెలలు నిజాం చేతిలోనే ఉంది. నా చీటీలో ఇవి ఉంటాయి:

- 1930: జోగిపేటలో, నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ళ సంస్థ అయిన ఆంధ్ర మహాసభ మొదటి సభ. ఊళ్ళలో జనం తర్వాత దీన్ని "సంగం" అన్నారు.
- 1944: భువనగిరి మహాసభ. సంగం ఇక్కడినుంచి కమ్యూనిస్టుల చేతికి వచ్చింది.
- 1946 జులై 4: కడవెండిలో కాల్పులు, సంగం కార్యకర్త దొడ్డి కొమురయ్య మరణం.
- 1947 నవంబరు: భారత ప్రభుత్వంతో నిజాం యథాతథ ఒప్పందం, అంటే ఉన్న సంబంధాలనే అలాగే కొనసాగించే ఒప్పందం.
- 1948 ఆగస్టు 27: బైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం బలగాల దాడి, ఊరివాళ్ళ సామూహిక హత్య.
- 1948 సెప్టెంబరు 13 నుంచి 17: పోలీసు చర్య, అంటే భారత సైన్యం వచ్చి సంస్థానాన్ని భారత్‌లో కలపడం.
- 1949: జాగీర్ల (నిజాం కొందరికి ఇచ్చిన భూముల) రద్దు.
- 1951 అక్టోబరు: కమ్యూనిస్టుల నాయకత్వంలోని రైతుల సాయుధ పోరాట విరమణ.

మీ నవల ఏ ఏళ్ళ మధ్య నడుస్తుందో ఆ వరుసల పక్కన చుక్క పెట్టండి. నవలలోని ఊరు కల్పితమైతే ఆ సంగతి రాయండి. పాత్రలు కల్పితం, కాలం నిజం అని ఒక వరుస చాలు.

ఇంకో మాట. ఈ చీటీ రాసేటప్పుడు కులం, మతం గురించి కలం జాగ్రత్తగా కదలాలి. రజాకార్లు ఒక సంస్థ మనుషులు, వాళ్ళను అలాగే రాయండి. ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ సంస్థానం భారత్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురయ్యాడు. కవి, కమ్యూనిస్టు నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ పోరాటంలో ముందున్నాడు. పాలకుర్తిలో రైతు చాకలి ఐలమ్మ భూమి మీదికి వచ్చింది విసునూరు దేశ్‌ముఖ్ (పెద్ద భూస్వామి) రామచంద్రారెడ్డి మనుషులు. పోలీసు చర్య తర్వాత ఏ పాపం ఎరగని ముస్లిం కుటుంబాలు చాలా జిల్లాల్లో ప్రాణాలు పోగొట్టుకున్నాయి. ఈ సంగతులన్నీ చీటీలో ఎక్కించమని కాదు. ఇవి మీ మనసులో ఉంటే, "వాళ్ళు మనల్ని" అనే మాట మీ కలం నుంచి రాదు. ఒకరి బాధ చెప్పే పుస్తకం ఇంకొకరిని తిట్టడానికి సాకు కాకూడదు. దొరికిన మనిషి ఎవరైనా సరే, చీటీ చదివి తనను వేలెత్తి చూపుతున్నట్టు అనిపించకూడదు.

6. మాటల చీటీ

మూడో కాగితం. పది పదిహేను మాటలు, ఒక్కోదానికి ఒక్క వరుస. నిఘంటువు అర్థం కాదు, నవలలో ఎలా వాడారో ఆ అర్థం. మీరు చదువుతున్నప్పుడే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే ఈ పని తేలిక. మచ్చుకు:

- గడి: దొర ఉండే, కోటగోడల్లాంటి ప్రహరీ ఉన్న పెద్ద ఇల్లు.
- వెట్టి: కూలి లేకుండా తప్పనిసరిగా చేయాల్సిన పని.
- దేశ్‌ముఖ్: శిస్తు వసూలు చేసే హక్కుతో మొదలై పెద్ద భూస్వామి అయిన కుటుంబం.
- పట్వారీ: ఊరి భూమి లెక్కలు రాసేవాడు. కోస్తాలో కరణం లాంటివాడు.
- మాలీ పటేల్: ఊళ్ళో శిస్తు వసూలు చూసేవాడు.
- పోలీస్ పటేల్: ఊళ్ళో నేరాలు, తగాదాలు చూసేవాడు.
- నాగు: ధాన్యంగా తీసుకుని, పంట రాగానే వడ్డీతో ధాన్యంగానే తీర్చే అప్పు.
- లెవీ: రైతు దగ్గర సర్కారు నిర్బంధంగా తీసుకునే ధాన్యం.
- ఆడబాప: దొర ఇంట దాసీ. దొర కూతురి పెళ్ళయితే ఆమె వెంట అత్తవారింటికి పంపేవారు.
- సర్ఫేఖాస్: నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన భూములు.
- బాంచెన్: "నీ బానిసను" అంటూ దొర ముందు అనాల్సి వచ్చిన మాట.

చివరి మాట సినిమాల్లో నవ్వుల కోసం వాడగా వాడగా అలవాటైపోయింది. చీటీలో దాని అసలు అర్థం తప్పక రాయండి.

మూడు కాగితాలూ ఎక్కడ పెట్టాలి? ఉత్తరం ముందు అట్ట లోపల అంటించండి. కాలం చీటీ, మాటల చీటీ రెండూ ఒకే అట్టముక్కకు అటూ ఇటూ అంటిస్తే అదే పేజీ గుర్తు అవుతుంది. చదువుతూ మాటిమాటికీ వెనక్కి తిరగేయాల్సిన పని ఉండదు. దాన్ని దారంతో వెన్నుకు కడితే పోదు.

7. జాడ తెలుసుకునే ఏర్పాటు

పుస్తకం ఎక్కడికి వెళ్ళిందో తెలుసుకోవాలనిపించడం సహజం. రెండు దారులున్నాయి.

ఒకటి, బుక్‌క్రాసింగ్ అనే వెబ్‌సైట్. 2001 నుంచి నడుస్తోంది. ఖాతా ఉచితం. పుస్తకాన్ని నమోదు చేస్తే బీసీఐడీ అనే నంబరు ఇస్తుంది. దాన్ని లోపలి అట్ట మీద రాయాలి. దొరికినవాళ్ళు సైట్‌లో ఆ నంబరు కొడితే పుస్తకం ఇంతకుముందు ఎక్కడెక్కడ తిరిగిందో కనిపిస్తుంది, సభ్యులు కాకపోయినా తమ మాట రాయొచ్చు. ఇంగ్లీషు అలవాటు లేనివాళ్ళకు ఇబ్బంది కాబట్టి, ఏం నొక్కాలో తెలుగులో రెండు వరుసలు రాయండి.

రెండోది, ఈ పని కోసమే తెరిచిన విడి మెయిల్ ఐడీ. దాన్ని క్యూఆర్ కోడ్‌గా చేసి అంటించొచ్చు, పక్కనే అక్షరాల్లో కూడా రాయాలి. తెలియని కోడ్ స్కాన్ చేస్తే ఖాతాలో డబ్బు పోతుందన్న భయం ఇప్పుడు అందరికీ ఉంది, ఉండాలి కూడా.

సొంత ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, ఆఫీసు పేరు రాయకండి. ఆడపిల్లలకైతే ఇంకా గట్టిగా చెప్తున్నాను, రాయొద్దు. మీరు రోజూ వెళ్ళే బస్ స్టాపులో వదిలి, "నేను రోజూ ఇక్కడికి వస్తాను" అని రాయడం కూడా వద్దు.

8. ఎక్కడ వదలాలి

మంచి చోటుకు నా దగ్గర ఒకటే కొలత: మనుషులు పావుగంట ఊరికే కూర్చునే చోటు, పైన కప్పున్న చోటు, ఎవరో ఒకరు బాధ్యులున్న చోటు. ఆ బాధ్యుల్ని అడిగి పెట్టండి. అడిగి పెడితే సరదా తగ్గుతుందని కొందరు అంటారు. నా అనుభవంలో అడిగి పెట్టినవే ఎక్కువగా చదువరులకు చేరాయి.

బాగా పనికొచ్చే చోట్లు: ఇరానీ హోటల్ మూల బల్ల, సెలూన్‌లో పేపర్లు పెట్టే చోటు, టైలర్ కొట్టు, పీజీ హాస్టల్ హాలు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ బల్ల, కోచింగ్ సెంటర్ల దగ్గరి టీ కొట్టు. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ళు తెలంగాణ చరిత్ర తేదీలు బట్టీ పడుతుంటారు. వాళ్ళకు ఈ నవలలు దొరికితే తేదీల వెనక మనుషులు కనిపిస్తారు. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల టీ కొట్లలో నేను వదిలిన ప్రతి ఏదీ సాయంత్రం దాకా మిగల్లేదు.

పల్లెల్లో అయితే కిరాణా కొట్టు అరుగు, పాల కేంద్రం. నవలలో ఉన్న దౌర్జన్యం నిజంగా జరిగిన ఊళ్ళో వదలాలనుకుంటే ఒక్కసారి ఆలోచించండి. రెండు వైపుల కుటుంబాలూ అక్కడే ఉంటాయి. రచ్చబండ మీద ఎవరూ చూడకుండా పెట్టిన పుస్తకం ఎవరో కావాలని రెచ్చగొట్టినట్టు కనిపించవచ్చు. అక్కడ పుస్తకం వదలకండి, తెలిసిన టీచర్ చేతికో, ఊరి గ్రంథాలయానికో ఇవ్వండి.

వదలకూడని చోట్లు:

- మెట్రో స్టేషన్, రైల్వే స్టేషన్, విమానాశ్రయం, సినిమా హాలు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళు చూసిన ఊరు హైదరాబాద్. యజమాని లేని వస్తువు కనిపిస్తే చెప్పమని మైకులో చెప్తూనే ఉంటారు. అందరినీ భయపెట్టే పని మనం చేయకూడదు.
- బస్సు సీటు. మరిచిపోయిన వస్తువుగా డిపోకు చేరి అక్కడే ఉండిపోవచ్చు.
- గుడి, మసీదు, చర్చి ఆవరణ. ఇలాంటి కథ ఉన్న నవలకు అపార్థం తెచ్చే చోట్లు.
- బడి గేటు. ఈ నవలల్లోని హింస చిన్నపిల్లలకు కాదు.
- ఎన్నికల సమయంలో పార్టీ ఆఫీసు, సభ జరిగే చోటు.

అమెరికాలో ఉన్నవాళ్ళు ఇళ్ళ ముందు ఉండే చిన్న ఉచిత పుస్తకాల పెట్టెల్లో తెలుగు నవల పెడుతున్నామని రాస్తున్నారు. ఆ వీధిలో తెలుగు చదివేవాళ్ళు లేకపోతే అది నెలలు అలాగే ఉంటుంది. ఇండియన్ గ్రోసరీ స్టోర్‌లోనో, మనవాళ్ళు కలిసే హాల్లోనో అడిగి పెట్టండి.

9. ఎప్పుడు వదలాలి

తెల్లవారుజామున వీధులు ఊడ్చే వేళకు ముందు వద్దు. ఊడ్చేవాళ్ళు తమ పని తాము చేస్తారు, పుస్తకం చెత్త బండిలోకి వెళ్తుంది. ఉదయం 8 నుంచి 10 మధ్య, లేదా సాయంత్రం 5 తర్వాత మంచిది. రాత్రంతా బయట ఉండేలా ఎప్పుడూ వదలకండి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా కప్పు కింద మాత్రమే. కోస్తాలో, రాయలసీమలో అక్టోబరు, నవంబరు కూడా వానలే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండకు అట్ట జిగురు కరుగుతుంది.

10. వదిలే రోజు వరుస

1. ముందురోజు చోటు చూసి రండి. కొట్టు యజమానితో మాట్లాడండి. "అన్నా, చదివినవాళ్ళు తీసుకెళ్ళే పుస్తకం ఒకటి ఇక్కడ పెట్టనా?" అంటే చాలు.
2. పుస్తకాన్ని లోపల కనిపించే పారదర్శక జిప్‌లాక్ కవర్లో పెట్టండి. న్యూస్‌పేపర్‌లో, గిఫ్ట్ కాగితంలో, నల్ల కవర్లో చుట్టొద్దు. నేనొకసారి అందంగా ఉంటుందని గిఫ్ట్ కాగితం చుట్టి ఒక బస్ షెల్టర్‌లో పెట్టాను. గంటలో జనం దూరంగా గుమిగూడారు. నేనే వెళ్ళి విప్పి చూపించి, క్షమించమని చెప్పి తెచ్చుకోవాల్సి వచ్చింది.
3. చిన్న పెన్సిల్ ముక్క దారంతో కట్టి లోపల పెట్టండి. రాయాలనిపించిన క్షణంలో పెన్ను దొరక్క చాలా మాటలు పోతాయి.
4. లేబుల్ పైకి కనిపించేలా పెట్టండి. పుస్తకం ఉన్న చోటు మాత్రమే ఫొటో తీసుకోండి. మనుషుల మొహాలు పడకూడదు.
5. సైట్‌లో నమోదు చేసి ఉంటే చోటు, సమయం రాయండి.
6. వచ్చేయండి. ఎవరు తీస్తారో దూరం నుంచి చూడాలని, వీడియో తీయాలని నిలబడకండి.

11. బయల్దేరే ముందు సరిచూసుకోండి

- పేజీలన్నీ ఉన్నాయి, పుస్తకం పొడిగా ఉంది.
- నా పేరు, నంబరు ఎక్కడా లేవు.
- పై లేబుల్‌లో "ఉచితం" అన్న సంగతి తెలుస్తోంది.
- ఉత్తరంలో హింస గురించి హెచ్చరిక ఉంది.
- కాలం చీటీ, మాటల చీటీ దారంతో కట్టి ఉన్నాయి.
- చీటీలో ఏ కులాన్నీ మతాన్నీ నిందించే మాట లేదు.
- రాయడానికి ఖాళీ పేజీలు, పెన్సిల్ ఉన్నాయి.
- చోటు బాధ్యులకు చెప్పాను.

12. తరచూ జరిగే తప్పులు, సరిచేసే దారి

*వారమైనా ఎవరూ తీయలేదు.* చోటు మార్చండి. అంతకంటే ముందు లేబుల్ చూడండి. చాలాసార్లు అక్షరాలు చిన్నవై ఉంటాయి, లేదా అది కొట్టువాళ్ళ సొంత పుస్తకం అనుకుంటారు.

*పుస్తకం బజ్జీల బండికి చేరింది.* ఒక ప్రతి విషయంలో నాకు ఇది జరిగింది. నా పేజీలే పొట్లాలుగా చూసి చాలా బాధపడ్డాను. పాత, పచ్చబడ్డ ప్రతి కావడం, లేబుల్ ఊడిపోవడం కారణం. అప్పటినుంచి లేబుల్‌ను నాలుగు అంచులా అంటిస్తున్నాను. అట్ట లోపల కూడా అదే మాట రాస్తున్నాను.

*ఎవరో చీటీలు చింపేశారు.* కోపం తెచ్చుకోవద్దు. పుస్తకం తిరిగొస్తే కొత్తవి పెట్టండి. అదే చోట రెండోసారి జరిగితే ఆ చోటు వదిలేయండి.

*చివరి పేజీలో ఎవరో ఒక కులాన్ని తిడుతూ రాశారు.* పుస్తకం మీ చేతికొస్తే ఆ వరుస మీద కాగితం అంటించి, మిగతా మాటల్ని అలాగే ఉంచి మళ్ళీ వదలండి. సైట్‌లో రాస్తే ఫిర్యాదు చేసి తీయించండి. వాదనకు దిగకండి.

*"మా తాతది ఇదే గడి, మీరు రాసింది తప్పు" అని మెయిల్ వచ్చింది.* మర్యాదగా జవాబివ్వండి. చీటీలో తేదీ, పేరు తప్పయితే ఒప్పుకుని తర్వాతి ప్రతుల్లో దిద్దండి. నవలలోని సంగతి గురించి అయితే, వాళ్ళకు తెలిసింది కూడా చివరి పేజీల్లో రాయమని అడగండి.

*ఏ కబురూ రాలేదు.* ఇది తప్పు కాదు, మామూలే. నేను వదిలినవాటిలో ఎక్కువ భాగం గురించి నాకు ఏమీ తెలియదు. తీసుకున్న మనిషి ఇంట్లో ఎవరో చదువుతూ ఉండొచ్చు.

13. పుస్తకం తిరిగొస్తే

మళ్ళీ రెండు రోజులు ఆరబెట్టండి. కొత్తగా రాసిన మాటల ఫొటో తీసి పెట్టుకోండి, సిరా వెలిసిపోతుంది. ఎవరైనా అర్థం అడిగిన మాట ఉంటే మాటల చీటీలో చేర్చండి. నా చీటీ ఎనిమిది మాటలతో మొదలై ఇలాగే పెరిగింది. "సర్ఫేఖాస్" చదువరి అడిగిందే.

ఖాళీ పేజీలు నిండిపోతే ఇంకో నాలుగు కాగితాలు కుట్టండి. అంటిస్తే వెన్ను లావై పగులుతుంది కాబట్టి సూది, లావు దారంతో మూడు చోట్ల కుడితే చాలు. తర్వాత ఈసారి వేరే జిల్లాకు వెళ్ళే స్నేహితుల చేతికిచ్చి, అక్కడి టీ కొట్టులో అడిగి పెట్టమనండి.